భుజం నొప్పి మొదలైన శనివారం

పైక్ బే, మిషిగన్
2022 మార్చి 6

తమ్ముడు రెయినోకు,

ఏ ఉత్తరమైనా ‘ఇక్కడ ఫరవాలేదు’ అని మొదలుపెట్టాలని అమ్మ నేర్పింది. ఫరవా ఉన్నప్పుడు ఎలా మొదలుపెట్టాలో మాత్రం నేర్పలేదు. అందుకని వాతావరణంతో మొదలుపెడతాను. వంటింటి కిటికీ సగం దాకా మంచు. సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంది. నువ్వు టూసాన్‌లో పొట్టిచేతుల చొక్కా వేసుకుని గోల్ఫ్ ఆడుతుంటావు కనుక ఈ ముక్కలు నీ కోసం కాదు, నా తృప్తి కోసం.

అసలు సంగతి: నా కుడి భుజం పోయింది. చూడటానికి ఉన్నట్టే ఉంటుంది, పని మాత్రం చెయ్యదు. చెయ్యి ఛాతీ దాకా లేస్తుంది, అక్కడ ఆగిపోతుంది. పోయిన అక్టోబరులో ఒక శుక్రవారం మధ్యాహ్నం మందుల షాపులో ఫ్లూ టీకా వేయించుకున్నాను. టీకా అన్నాక చెయ్యి కొంచెం నొప్పిగా ఉంటుంది, తెల్లారేసరికి పోతుంది, అనుకున్నాను. తెల్లారింది, నొప్పి పోలేదు. ఇప్పటికి చాలాసార్లు తెల్లారింది.

నా మనవరాలు కాయిసా మొన్న వచ్చి నేను ఎడంచేత్తో జుట్టు దువ్వుకోవడం చూసింది. ‘అమ్మమ్మా, దీనికి కోర్టు ఉంది’ అంది. దువ్వుకోవడానికా అన్నాను. కాదట. టీకా వేసినప్పుడు సూది పడకూడని చోట పడి భుజం పాడైనవాళ్లు పరిహారం అడిగేందుకు వాషింగ్టన్‌లో ప్రత్యేకంగా ఒక ఏర్పాటు ఉందట. వేసే ప్రతి టీకా మీదా కొద్దిపాటి పన్ను, ఆ పన్నుతో ఒక నిధి. కేసు నిజాయితీగా వేసి ఉంటే ఓడినా లాయరు ఫీజు ఆ నిధే ఇస్తుందట. తీర్పు చెప్పేవారిని స్పెషల్ మాస్టర్ అంటారట. మాస్టర్ అన్న మాట వినగానే రిటైరైన లాటిన్ టీచరుగా నాకు కాస్త గురి కుదిరింది.

ఇంత పెద్ద యంత్రాంగం ఒక్క భుజం కోసం ఎలా తిరుగుతుందో చూడాలని నాకు మహా కుతూహలంగా ఉంది. నువ్వు ఉద్యోగకాలమంతా బీమా కంపెనీలో కూర్చుని జనం భుజాలను నమ్మకుండా బతికినవాడివి. నన్ను వాళ్లు ఏమేం అడుగుతారో రాయి.

నీ అక్క,
ఐలీ

తా.క. ఈ ఉత్తరం ఎడంచేత్తో రాశాను. దస్తూరి గురించి వ్యాఖ్యానాలు వద్దు.


టూసాన్, అరిజోనా
2022 మార్చి 19

అక్కా,

దస్తూరి గురించి ఏమీ అనను. మూడో తరగతిలో నా దస్తూరి చూసి నువ్వు అన్న మాటలు మాత్రం గుర్తున్నాయి.

ముందుగా ఒక మాట. టీకా వేసిన జెన్నా మీద కేసు వెయ్యకు. ఊళ్లో ఉన్నదే ఒక్క మందుల షాపు. పాత ఆయన రిటైరయ్యాక ఆ అమ్మాయి దొరకడానికి ఎంత తిప్పలు పడ్డారో నువ్వే రాశావు. నువ్వు దావా వేస్తే ఆ అమ్మాయి పెట్టె సర్దుకుంటుంది, ఆ తర్వాత రక్తపోటు మాత్రకి కూడా మీరంతా పట్నం దాకా మంచులో పడి పోవాలి.

ఇక నీ భుజం. ఈ వయసులో భుజం ఎవరికి బాగుంటుంది? కట్టెలు కొట్టావా? పార పట్టి వాకిట్లో మంచు తోశావా? ఆ నెలలో ఎక్కడైనా జారి పడ్డావా? అంతకుముందు ఆ భుజం ఎన్నడూ నొప్పెట్టలేదని ఎలా చెప్పగలవు? నొప్పి ఆ రోజే మొదలైందనడానికి నీ మాట కాకుండా ఇంకేముంది? ఆ రోజు ఎవరితోనైనా చెప్పావా? చెప్పకపోతే ఎందుకు చెప్పలేదు?

ఇక్కడ ఎండ బాగుంది. తోటలో నిమ్మకాయలు కాశాయి.

ప్రేమతో,
రెయినో


పైక్ బే
2022 ఏప్రిల్ 2

శ్రీ రెయినో హర్యు గారికి,
బీమా పరిశోధకులు (రిటైర్డ్), టూసాన్

అయ్యా,

తమరి ప్రశ్నావళి అందింది. సమాధానాలు చిత్తగించండి.

కట్టెలు నేను కొట్టను. డబ్బిచ్చి కొట్టించుకుంటాను. అక్టోబరులో మా ఊళ్లో పార పట్టేంత మంచు ఉండదు. ఇది తమరికి తెలిసే ఉండాలి, తమరు పుట్టింది ఇక్కడే. నేను జారిపడలేదు. ఆ భుజం గురించి అంతకుముందు ఏ డాక్టరు దగ్గరా మాట్లాడాల్సిన పని రాలేదు. ఆ రోజు ఎవరితోనూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, పైక్ బేలో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పరు.

జెన్నా మీద నేను కేసు వెయ్యడం లేదు. ఎవరూ వెయ్యలేరు కూడా, ఈ ఏర్పాటులో ప్రతివాది ప్రభుత్వం. కాగితాల మీద ఇది ఐలీ లాహ్తికీ దేశ ఆరోగ్య మంత్రికీ మధ్య వ్యవహారం. మంత్రిగారికి నా సంగతి ఇంకా తెలియదు, పాపం.

జెన్నాకి నేనే వెళ్లి చెప్పాను. ఏడ్చింది. ఏడవటం ఆపాక ఇద్దరం కలిసి ఏం జరిగిందో చూశాం. నేను ఉన్ని స్వెట్టర్ వేసుకున్నాను. సబ్బుల అరకి ఎదురుగా స్వెట్టర్ విప్పడం ఇష్టంలేక మెడ పట్టీ పక్కకి లాగి భుజం ఇచ్చాను. నేను కూర్చున్నాను, ఆమె నిలబడి ఉంది. నిలబడినవాళ్ల చెయ్యి పైనుంచి వస్తుంది, సూది కండలో పడాల్సింది పోయి భుజం కీలు దగ్గర పడింది. అక్కడ ఒక చిన్న తిత్తి ఉంటుంది. బర్సా అంటారు, లాటిన్‌లో సంచి అని. మందు పోయాల్సిన సంచి కాదది. ఇప్పుడు జెన్నా అందరి చేతా చొక్కా చెయ్యి పూర్తిగా తీయిస్తోంది, తనూ స్టూలు వేసుకుని కూర్చునే వేస్తోంది. వచ్చే ఏడు ఫ్లూ టీకా మళ్లీ ఆమె చేతే వేయించుకుంటాను, ఎడమ చేతికి. భుజం పాడైంది కాని బుద్ధి పాడవలేదు.

వాషింగ్టన్‌లో మిస్ డెలానీ అనే లాయరు కేసు తీసుకుంది. ఆమె కూడా ప్రశ్నలు అడిగింది, కాని ప్రతి ప్రశ్నకీ ముందు ‘క్షమించండి’ అంది.

ఇట్లు,
శ్రీమతి ఐలీ లాహ్తి


టూసాన్
2022 ఏప్రిల్ 14

అక్కా,

అవి నా ప్రశ్నలు కావు, వాళ్ల ప్రశ్నలు. వాళ్లు ఏమడుగుతారని నువ్వే కదా అడిగావు. ఆ ఒక్క వాక్యం ముందు రాయడం మర్చిపోయాను. కంపెనీలో ఉత్తరాలు అలాగే రాసేవాళ్లం, అలవాటు పోలేదు.

నేను నిన్ను నమ్ముతాను. ఇది కూడా ముందే రాయాల్సింది.

ఒక పెట్టె నిమ్మకాయలు పంపుతున్నాను. అవి సంధి ప్రతిపాదన. నువ్వు లాటిన్‌లో ఏమంటావో నాకు తెలియదు.

రెయినో


పైక్ బే
2023 నవంబరు 12

రెయినో,

నిమ్మకాయల సంధి నడుస్తున్నన్నాళ్లూ పోస్టుకార్డుల మీదే కాలం గడిపాం. ఇప్పుడు పెద్ద ఉత్తరం రాయాల్సి వచ్చింది. ప్రభుత్వం జవాబు ఇచ్చింది.

ఆలస్యానికి నేనేమీ అనను. గోడమీద వేళ్లతో పైకి పాకే వ్యాయామం రోజూ చేస్తూనే ఉన్నాను. చెవి దాకా వచ్చింది చెయ్యి. దువ్వెన ఇంకా ఎడంచేతిదే. పరిహారం రావాలంటే బాధ నెలల తరబడి ఉండాలన్న షరతు ఎప్పుడో తీరిపోయింది. ఆ విషయంలో మంత్రిగారికీ నాకూ పేచీ లేదు. పేచీ అంతా ఒక్క దగ్గర: టీకా వేసిన రెండు రోజుల లోపల నొప్పి మొదలవ్వాలి. మొదలైందని నేనంటాను, లేదని వాళ్లంటారు.

లేదని ఎందుకంటున్నారో విను. అక్టోబరు ఆఖర్లో రక్తపోటు చూపించుకోవడానికి డాక్టరు దగ్గరికి వెళ్లాను. ‘ఎలా ఉన్నారు, మిసెస్ లాహ్తి?’ అన్నాడు. ‘ఫరవాలేదు’ అన్నాను. ఇంకేమంటాం? మన నాన్న గనిలో కాలు విరిగి, తలుపు చెక్క మీద ఇంటికి మోసుకొస్తే, గుమ్మంలో పాస్టరు పలకరిస్తే, ‘ఫరవాలేదు, మీరెలా ఉన్నారు?’ అన్నాడు. ఆ డాక్టరు బయటి ఊరివాడు. అన్నది అన్నట్టు కంప్యూటరులో కొట్టాడు: ‘రోగికి బాధలేమీ లేవు.’ ఆ రోజు కోటు తొడుక్కోవడానికి నేను వాళ్ల బాత్‌రూములోకి వెళ్లి తలుపు గడియ వేసుకోవాల్సి వచ్చింది, ఎవరూ చూడకూడదని. అది కంప్యూటరులో లేదు. నొప్పి అని నేను నోరు తెరిచి చెప్పింది డిసెంబరులో. కాబట్టి నొప్పి అప్పుడే పుట్టిందని ప్రభుత్వం తరఫు లాయరు తేల్చాడు. మర్యాదగానే రాశాడు. ‘అర్జీదారు జ్ఞాపకం పొరపడి ఉండవచ్చు’ అన్నాడు.

రెయినో, ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకి పరీక్షలు పెట్టాను. నేను అబద్ధమాడుతున్నానని ఎవరైనా అంటే తట్టుకోగలను, దానికి జవాబుంటుంది. నా భుజం ఎప్పుడు నొప్పెట్టిందో నాకే తెలియదని అంటే ఏం చెయ్యాలి? డబ్బు రాకపోయినా పోనీ. ఆ వాక్యం మాత్రం అలా కాగితం మీద ఉండిపోకూడదు.

చుట్టుపక్కల వాళ్ల వాంగ్మూలాలు తెమ్మంది మిస్ డెలానీ. తెచ్చాను. పక్కింటి ఆర్వో రాసిందంతా ఇదీ: ‘ఆమె ఎప్పటిలాగే ఉంది. అయితే ఎప్పుడూ ఎలా ఉంటుందో నేను పట్టించుకుని చూడలేదు.’ మా వీధి తోయినీ ఇంకొంచెం ధారాళం: ‘ఐలీ ఆ వారం కాస్త నిదానంగా ఉన్నట్టుంది. చలికాలం వస్తే అందరూ నిదానిస్తారు.’

మిస్ డెలానీ ఫోను చేసి, ‘మీ ఊళ్లో ఎవరైనా ఎప్పుడైనా ఏమైనా గమనిస్తారా?’ అంది.

‘అన్నీ గమనిస్తారు. చెప్పరు’ అన్నాను.

ఐలీ


టూసాన్
2023 నవంబరు 25

అక్కా,

నీ లాయరు తెలివైనదే కాని తప్పు ప్రశ్న అడుగుతోంది. ‘ఎప్పుడు నొప్పెట్టింది?’ అని మా కంపెనీలో ఎవర్నీ అడిగేవాళ్లం కాదు. మనుషులకి నొప్పి గుర్తుండదు. ఆ పని తమ బదులు ఎవరు చేశారో గుర్తుంటుంది. ‘ఆ వారం మీ ఇంట్లో సీసా మూత ఎవరు తీశారు?’ అని అడిగేవాణ్ణి. దొంగ భుజమైతే సీసా ఎవరూ తియ్యలేదనేవాళ్లు. నిజమైన భుజమైతే వెంటనే ఒక పేరు చెప్పేవాళ్లు, తిడుతూ.

శుక్రవారం టీకా. ఆదివారం మధ్యాహ్నం దాకా నీకు గడువు. ఆ లోపల, నువ్వు ప్రతి వారం చేసే ఏ పని ఆ వారం ఇంకొకరు చేశారు? నొప్పి గురించి ఆలోచించకు. పని గురించి ఆలోచించు.

రెయినో


పైక్ బే
2023 డిసెంబరు 9

రెయినో,

నీ ఉత్తరం చదివి, కాఫీ పెట్టుకుని, కాఫీ చల్లారేదాకా కూర్చున్నాను. దొరికింది. దొరక్కుండా ఉంటే బాగుండేది.

శనివారాలు సాయంత్రం మా వీధి ఆడవాళ్లం తోయినీ వాళ్ల సౌనాలో ఆవిరి పట్టుకుంటామని నీకు తెలుసు. తోయినీ అత్తగారు పోయినప్పటినుంచీ వేడి రాళ్ల మీద నీళ్లు పోసే గరిటె నా చేతిలోనే ఉంది. ఎవరూ ఇవ్వలేదు, నేనూ అడగలేదు. గరిటె ఎవరి చేతిలో ఉంటే మిగతావాళ్లు ఎంత వేడిలో కూర్చోవాలో వాళ్లే నిర్ణయిస్తారు. జలుబు చేసినా, మా ఆయన పోయిన వారంలోనైనా, గరిటె ఎవరికీ ఇవ్వలేదు.

ఆ శనివారం ఇచ్చాను. మొదటి గరిటె నీళ్లకి చెయ్యి ఎత్తేసరికి భుజంలో కత్తి దింపినట్టయింది. పక్కన ఎవరున్నారో కూడా చూడకుండా గరిటె అటు చాపాను. ఆరుగురు ఆడవాళ్లు చూశారు, ఒక్కరూ కనుబొమ్మ ఎత్తలేదు. మా ఊరు.

గరిటె అందుకున్నది హిల్యా.

హిల్యా నీకు గుర్తుండకపోదు. స్కూలు బోర్డులో కూర్చుని ‘చచ్చిన భాష పిల్లలకెందుకు’ అని నా లాటిన్ తీయించేసిన మహాతల్లి. నా చివరి సంవత్సరాల్లో నా చేత ఆరోగ్య పాఠాలు చెప్పించింది, దంతధావనం గురించి. అప్పటినుంచీ ఒకే బల్ల మీద పక్కపక్కనే కూర్చుని ‘కాస్త జరుగు’ తప్ప ఇంకోమాట ఆడుకోలేదు. అలాంటి మనిషి రెండేళ్లుగా వింతగా ప్రవర్తిస్తోంది. చర్చిలో వచ్చి నా పక్కన కూర్చుంటుంది. శనివారం యాలకుల రొట్టె చేస్తే ఒకటి నా గుమ్మంలో పెట్టి పోతుంది. కాఫీ బల్ల దగ్గర అందరి ముందూ, ‘లాటిన్ ఉంటే ఉండేదేమోలే’ అంది ఒకసారి. ఈమెకి ఏమైంది, వయసు మీద పడి మెత్తబడిందా, డాక్టరు ఏమైనా చెప్పాడా, అని కుతూహలపడ్డానే కాని అడగలేదు. రొట్టె తిన్నాను.

ఇప్పుడు అర్థమైంది. నేను గరిటె ఇచ్చాను కదా. క్షమించాననుకుంది.

సాక్ష్యం ఇది ఒక్కటే ఉంది, బలమైనదే. కాని దాన్ని వాడను. నా క్షమ అంతా భుజం తిత్తి వాపేనని ఆ మనిషి మొహం మీద ఎలా చెప్పను? తోయినీని అడుగుదామన్నా లాభం లేదు, హిల్యా పేరు లేకుండా ఆ కథ చెప్పలేం. ఇది ఇక్కడితో వదిలెయ్. నీకు చెప్పింది నీకు మాత్రమే చెప్పాను.

ఐలీ


పైక్ బే
2024 జనవరి 21

రెయినో,

హిల్యా రెండు శనివారాలుగా సౌనాకి రాలేదు. గుమ్మంలో రొట్టె లేదు. ఆదివారం చర్చిలో వెనక బల్ల మీద కూర్చుంది. పోస్టాఫీసు అమ్మాయి నాతో, ‘మీ తమ్ముడి దస్తూరి భలే బావుంటుందండీ’ అంది. నాకు నీ దగ్గరనుంచి నవంబరు తర్వాత ఏ ఉత్తరమూ రాలేదు.

నువ్వు చేసిన పనిని ఏమంటారో లాటిన్‌లో ఒక మాట ఉంది, ఆరోగ్య పాఠాల్లో కూడా ఒకటి ఉంది. రెండూ కాగితం మీద పెట్టను.

ఐలీ


టూసాన్
2024 జనవరి 30

అక్కా,

రాశాను. ఒప్పుకుంటున్నాను. అయితే హిల్యాకి నువ్వనుకున్నట్టు రాయలేదు. ‘మీరు గమనించే ఉంటారు, ఆ రోజు ఐలీ భుజం బాగాలేక గరిటె మీకు ఇచ్చింది, ఆ విషయం రెండు ముక్కలు రాసి పెడతారా’ అన్నాను. అంతే. క్షమించడం సంగతి ఎత్తలేదు. ఎత్తకపోతే ఆమెకి తగలదనుకున్నాను. ఎత్తకపోవడమే తగిలిందని ఇప్పుడు తెలుస్తోంది.

నీ మీద ప్రేమతోనే చేశాను. ‘జ్ఞాపకం పొరపడి ఉండవచ్చు’ అన్న వాక్యం నేను కూడా చాలామందికి రాసినదే, దాని పదును నాకు తెలుసు. అది నీ పేరు పక్కన చూడలేకపోయాను.

తిట్టాలంటే తిట్టు, కాని ఇంగ్లీషులో తిట్టు. ఊహించుకుంటే ఇంకా ఎక్కువగా ఉంది.

రెయినో


పైక్ బే
2024 ఫిబ్రవరి 18

రెయినో,

తిట్లు వాయిదా వేశాను. ముందు జరిగింది విను.

గురువారం మధ్యాహ్నం తలుపు తడితే తీశాను. హిల్యా. భుజాల మీద మంచు, చేతులు ఖాళీ. లోపలికి వచ్చింది కాని బూట్లు విప్పలేదు.

“కాఫీ తాగుతావా?” అన్నాను.

“వద్దు.”

“పెట్టే ఉంది.”

“నాకోసం ఏమీ పెట్టకు.”

“నీకోసం ఎవరు పెట్టారు? నేను పెట్టుకుంటే మిగిలింది.”

“అయితే అరకప్పు ఇవ్వు.” బూట్లు విప్పింది.

కూర్చుంది. చక్కెర కలుపుకుంది. చెంచా చాలాసేపు తిప్పింది.

“మీ తమ్ముడు ఉత్తరం రాశాడు.”

“వాడికి గోల్ఫ్ తప్ప పనిలేదు.”

“దస్తూరి ముత్యాల్లా ఉంది. అంత బాగా రాసేవాళ్లని నేను నమ్మను. అందుకే నిన్నడగడానికి వచ్చాను. ఆ రోజు నాకు గరిటె ఇచ్చింది భుజం నొప్పికేనా?”

“అవును.”

“ఇంకేం లేదా?”

రెయినో, ఇక్కడ ఒక అబద్ధానికి సరిపడా చోటు ఉంది. ఆమె కూడా చెంచా ఆపి ఆ చోటు వదిలింది. నేను ప్రభుత్వంతో నిజం కోసం పోట్లాడుతూ వంటింట్లో అబద్ధం ఆడలేకపోయాను.

“లేదు” అన్నాను.

“మరి లాటిన్?”

“అది ఎక్కడుందో అక్కడే ఉంది.”

“అలాగా.” కాఫీ తాగింది. కప్పు ముందుకు జరిపింది, ఇంకొంచెం పొయ్యమని. పోశాను. అప్పుడు అడిగింది, “ఎంత నొప్పి?”

ఇన్ని నెలల్లో డాక్టర్లూ లాయర్లూ ‘ఎప్పుడు’ అన్నారు, ‘ఎక్కడ’ అన్నారు, ‘ఏ స్థాయిలో’ అని ఒక బొమ్మ కూడా చూపించారు. మా ఊళ్లో ఎవరైనా ఆ మాట అడగడం ఇదే మొదటిసారి. ‘ఫరవాలేదు’ నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి నిజం చెప్పాను. మేజోడు లాక్కోలేకపోయానని. రాత్రి పక్కకి తిరగలేక కుర్చీలో పడుకున్నానని. ఆ శనివారం సౌనాలో కళ్లవెంట నీళ్లు వచ్చాయని, ఆవిరిలో ఎవరికీ కనబడలేదు కనుక బతికిపోయానని.

“కనబడింది” అంది హిల్యా.

“ఆవిరి అనుకుని ఉంటావు.”

“ఆవిరి నాకు తెలియదా? పక్కనే కూర్చున్నాను. మీ ఆయన అంత్యక్రియల్లో నీ కంట్లో చుక్క లేదు. ఆ రోజు గరిటె చాపి ఏడుస్తున్నావు. ఇన్నేళ్ల కోపం ఒక్కసారి దిగితే మనిషికి అలా ఉంటుందేమోననుకున్నాను. ఇంటికెళ్లి నేనూ ఏడ్చాను.”

“నువ్వెందుకు?”

“మర్యాదకి.”

ఇద్దరం కిటికీలోంచి మంచు చూశాం. చూడటానికి అందులో ఏమీ లేదు.

“ఆ వాషింగ్టన్ అమ్మాయి నంబరు ఇవ్వు” అంది చివరికి.

“అక్కర్లేదు హిల్యా. నీ చేత రాయించుకోను.”

“నీకోసం ఎవరు రాస్తారు?” అంది. బూట్లు తొడుక్కుంటూ గోడకేసి చెప్పింది, “జరిగింది శనివారం. మంత్రిగారు శనివారం కాదంటే ఒప్పుకుంటానా?”

నిన్న సౌనాకి వచ్చింది. అదే బల్ల, అదే చోటు. ‘కాస్త జరుగు’ అంది.

ఇక నీ తిట్లు. ఆలోచించి చూస్తే, నువ్వు చేసింది తప్పే, ఫలితం మాత్రం నువ్వు అనుకున్నది కాదు, నేను భయపడ్డదీ కాదు. అందుచేత సగం తిట్లు రద్దు చేశాను. మిగతా సగం కాయిసా చేత ఫోనులో చెప్పిస్తాను, గొంతు దానిది బాగుంటుంది.

ఐలీ


టూసాన్
2024 మార్చి 1

అక్కా,

కాయిసా ఫోను చేసింది. గొంతు బాగుంది.

ఒక్కటే అడుగుతాను. హిల్యా నిజంగా రాస్తుందా? రాస్తే ‘ఏడ్చింది’ అన్న మాట ఉండనివ్వమను. మీ ఊరివాళ్లు ఆ మాట కొట్టేసి ‘కాస్త నిదానంగా ఉంది’ అని దిద్దుతారు. మిస్ డెలానీని ఫోను పెట్టెయ్యకుండా అవతలే ఉండమను.

రెయినో


పైక్ బే
2025 మే 4

రెయినో,

మంచు కరిగింది. సరస్సు కదులుతోంది. ఈసారి వాతావరణం నా తృప్తి కోసం కాదు, ముందు మంచి మాట రాయాలనిపించి.

తీర్పు వచ్చింది. నొప్పి రెండు రోజుల లోపలే మొదలైందని స్పెషల్ మాస్టర్ ఒప్పుకుంది. అవును, ఆమె. నేను ఇంతకాలం ఆయన అనుకుంటున్నాను. చదువుకున్న ఆడదాన్ని, నాకే సిగ్గేసింది. పరిహారం ఎంతన్నది ఇకమీదట తేలుస్తారు, అది తేలాక కూడా నీకు చెప్పను.

మా ఊరి సంగతి ఆమెకి ఎవరు చెప్పారో తెలియదు, డాక్టరు రాసిన ‘బాధలేమీ లేవు’ గురించి ఇలా రాసింది: పలకరింపుకి ఇచ్చిన జవాబుని వైద్యపరీక్షకి ఇచ్చిన జవాబుగా తీసుకోలేమని. ఆ వాక్యం కోసం ఆమెకి నా క్లాసులో నూటికి నూరు వేసేదాన్ని. ఆ పైన మన సాక్షి. హిల్యా రాసింది నాలుగే వాక్యాలు. తీర్పులో నాలుగూ ఎత్తి రాశారు: ‘శనివారం సాయంత్రం ఐలీ గరిటె నాకు ఇచ్చి ఏడ్చింది. నన్ను క్షమించి ఏడుస్తోందని అనుకున్నాను. భుజం నొప్పితో అని తర్వాత తెలిసింది. నాకు మొదటిదే బాగుంది, కాని నిజం రెండోది.’ దాని కింద స్పెషల్ మాస్టర్, ఈ సాక్షికి ఇలా చెప్పడం వల్ల పోయేదే కాని వచ్చేది ఏమీ లేదు, కాబట్టి నమ్ముతున్నాను, అంది.

కాగితాలు పట్టుకుని హిల్యా వాళ్లింటికి వెళ్లాను. కాఫీ వద్దన్నాను, రెండోసారి కూడా వద్దన్నాను, తర్వాత తాగాను. ఆమె కళ్లద్దాలు ఎక్కడో పెట్టి మర్చిపోయింది, అందుకని నేనే పైకి చదివాను. ‘అర్జీదారు స్నేహితురాలైన హిల్యా కోస్కి వాంగ్మూలం ప్రకారం’ అన్న చోట ఆపింది.

“అది ఎవరు చెప్పారు వాళ్లకి?”

“ఏది?”

“నేను నీకేమవుతానో.”

“నేనే. సాక్షికీ నాకూ సంబంధమేమిటో రాయమన్నారు. పొరుగువారు, పరిచయస్తులు, అలా ఏదో ఒకటి రాయాలి.”

“ప్రమాణం చేసి రాయాలా?”

“ప్రమాణం చేసే.”

హిల్యా రొట్టె ముక్క కాఫీలో ముంచింది.

“అబద్ధమని తేలితే?”

“జైలు.”

“నీ వయసువాళ్లకి కూడానా?”

“వయసు చూడరట. మిస్ డెలానీని అడిగి మరీ రాశాను.”

హిల్యా తల ఊపింది. లేచి నా కప్పు నింపింది, తన కప్పు నింపుకుంది, కుర్చీ నా పక్కకి లాక్కుంది.

“మొదటినుంచీ చదువు” అంది.

నీ అక్క,
ఐలీ